మాస్కో సందులో ఎర్ర ఇటుకల చర్చి

అందరికీ నమస్కారం.

చర్చి చరిత్ర చెప్పమన్నారు కాబట్టి సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ గురించే మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. 1813 నాటిది, మన ఊరిది. కానీ ఆ కథలో నాకో చిక్కుంది. అక్కడ ముందు పటాలం వచ్చింది, దాని వెనకాల చర్చి వచ్చింది. చేతిలో తుపాకీ ఉన్నవాడికి ప్రార్థనా మందిరం కట్టుకోవడం ఏమంత కష్టం? అదే ఇంగ్లీషువాళ్లు పరాయి రాజు దయ మీద బతికిన చోట ఏం కట్టుకున్నారో చూద్దామని మిమ్మల్ని మాస్కోలోని సెయింట్ ఆండ్రూస్ చర్చికి తీసుకెళ్తున్నాను.

1553లో రిచర్డ్ చాన్సలర్ అనే నావికుడు చైనాకి దారి వెతుకుతూ బయల్దేరి తెల్ల సముద్రం ఒడ్డున తేలాడు. అక్కణ్ణుంచి మంచు మీద స్లెడ్జి బండ్లలో మాస్కో. అప్పటి రష్యా రాజు ఇవాన్ ది టెర్రిబుల్ పేరుకి భయంకరుడే గానీ ఈ వర్తకులతో మంచిగానే ఉన్నాడు. వ్యాపారం చేసుకోమన్నాడు, వర్వార్కా వీధిలో ఇల్లిచ్చాడు, మీ పద్ధతిలో మీరు ప్రార్థన చేసుకోండన్నాడు.

మూడు వందల ఏళ్ల తర్వాత మాస్కో చుట్టుపక్కల నూలు మిల్లులు లేచాయి. యంత్రాలు ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ నుంచి వచ్చాయి, వాటిని నడిపే మనుషులు ఆ చుట్టుపక్కలి మిల్లుల ప్రాంతం లాంకషైర్ నుంచి వచ్చారు. ఒరెఖోవోలో హ్యారీ చార్నాక్ అనే మిల్లు మేనేజరు, పనివాళ్లని వోడ్కా మానిపించడానికి ఫుట్‌బాల్ మొదలుపెట్టాడంటారు. మానేశారో లేదో గానీ ఆట మాత్రం బాగా పట్టుబడింది.

వీళ్ల కోసం కట్టిందే సెయింట్ ఆండ్రూస్. నగరం నడిబొడ్డున ఒక సందులో, అంతకుముందు చిన్న మందిరం ఉన్న చోటే. ప్లాను గీసింది ఆర్.కె. ఫ్రీమన్, ఆయనదీ మిల్లుల ఊరే, బోల్టన్. అందుకేనేమో చుట్టూ ఉల్లిపాయ గోపురాలున్న నగరంలో ఇది అచ్చం లాంకషైర్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టుంటుంది: ఎర్ర ఇటుక, మొనదేలిన కిటికీలు, చదరపు బురుజు. జేన్ మెక్‌గిల్ అనే స్కాట్లాండ్ వితంతువు ఖర్చులో పెద్ద చెయ్యి వేసింది. పేరు విషయంలోనూ పేచీ రాలేదు. ఆండ్రూ అంటే మన బైబిల్లో అంద్రేయ, ఆయన స్కాట్లాండుకీ రష్యాకీ కూడా పునీతుడే కదా!

1885 జనవరిలో ప్రతిష్ఠ చేసిన బిషప్ టిట్‌కాంబ్ అంతకుముందు రంగూన్‌కి మొదటి బిషప్. మన తీరప్రాంతం వాళ్లు కూలి కోసం ‘రంగం’ అని పిలుచుకునే ఆ రంగూన్‌కే ఓడ ఎక్కుతున్న రోజులవి. ఆ ఎండల్లోంచి వచ్చిన మనిషి మాస్కో జనవరిలో ఎలా నిలబడ్డాడో పాపం.

1917 విప్లవంలో బురుజు మీదికి మెషిన్‌గన్ ఎక్కింది. 1920కల్లా చాప్లిన్, మన చర్చిల్లో అయితే అయ్యగారు అంటాం, మిగిలిన ఇంగ్లీషువాళ్లతో దేశం దాటాడు. తలుపులు మూసుకున్నాయి, భవనం హాస్టలైంది. తర్వాతి దశాబ్దాల్లో హెల్సింకిలో ఉండే చాప్లిన్ అప్పుడప్పుడూ వచ్చి రాయబార కార్యాలయంలో ఆరాధన జరిపి వెళ్లేవాడు.

ఆ చర్చిని కాపాడింది భక్తి కాదు, ధ్వని. 1960ల్లో సోవియట్ రికార్డుల సంస్థ మెలోదియా దాన్ని స్టూడియోగా తీసుకుంది. ఆ ఎత్తు కప్పు కింద వయొలిన్ మోగితే ఎలా ఉంటుందో ఇంజనీర్లకి ఒక్కసారి వింటే తెలిసిపోయింది. పాదిరి నిలబడే చోట మైకులు, కుర్చీల నిండా వాద్యబృందం. కూల్చేస్తే అలాంటి హాలు మళ్లీ దొరకదు మరి! దేవుణ్ణి నమ్మని ప్రభుత్వంలో గుడి నిలవడానికి అంతకన్నా గట్టి కారణం ఇంకేం కావాలి?

1991 జులైలో ఆరాధన తిరిగి మొదలైంది. స్టూడియో వెంటనే ఖాళీ చెయ్యలేదు. కొన్నేళ్లపాటు చర్చి, రికార్డింగు ఒకే కప్పు కింద సర్దుకున్నాయి. 1994లో ఎలిజబెత్ రాణి మాస్కో వచ్చినప్పుడు భవనం తిరిగిచ్చే మాట ముందుకు కదిలింది.

ఇప్పుడు ఆదివారం అక్కడికొచ్చేది ఇంగ్లీషువాళ్లే కాదు. ఆఫ్రికా నుంచీ ఆసియా నుంచీ వచ్చినవాళ్లూ అవే బల్లల మీద కూర్చుంటారు. ప్రార్థన మాత్రం ఇంగ్లీషులోనే.