వానల్లేని ఊళ్లో కూలర్‌కు తుప్పెందుకు పడుతుంది?

(మిద్దె మీద, పొద్దున ఏడు గంటలు. ఇనుప కూలర్, మూడు పక్కల తలుపులూ తీసేసి ఉంది.)

నమస్తే అండీ. ముందు ఈ మూల చూడండి. పైకి పెయింట్ బాగానే కనిపిస్తోంది, పొక్కు లేచినట్టు కాస్త ఉబ్బింది, అంతే. ఇప్పుడు స్క్రూడ్రైవర్‌తో తడతాను... చూశారా, అరచేయంత పెచ్చు ఊడొచ్చింది, కింద ఎర్రటి పొడి, వేలు పెడితే కారప్పొడిలా అంటుకుంటోంది.

మన అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కిటికీ గ్రిల్స్ ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి, అదే ఇంట్లో కూలర్ మాత్రం నాలుగు ఎండాకాలాలకే కుళ్లిపోతుంది. ఎందుకంటే కూలర్ తన వాన తనే కురిపించుకుంటుంది. గడ్డి మీద నుంచి కారే నీళ్లలో ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, బోరు నీళ్లలోని సున్నం, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతాయి. మళ్లీ నింపుతాం, మళ్లీ మిగులుతుంది, అలా మే నెలకల్లా తొట్టి అంచున తెల్లగా గట్టు కట్టేస్తుంది. ఉప్పు నీళ్లలో ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అసలు విషయం ఇది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఉబ్బు పెయింట్‌ను లోపలి నుంచి పైకి తోస్తుంది. అందుకే తుప్పు మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా నిలవదు. రెండేళ్ల కింద నేను కూడా ఉగాది ముందు హడావుడిగా పైపైన తుడిచి ఎనామెల్ కొట్టేశాను, మేలో అవే పొక్కులు, అవే చోట్ల. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ ఎండలో పడిన చాకిరీ అంతా పోయిందని బాధేసింది.

సరే, పని మొదలుపెడదాం. ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. ఫ్యాను, పంపు విప్పి పక్కన పెట్టండి, వైరు రేకులోంచి లోపలికి వెళ్లే రంధ్రం దగ్గర తుప్పు అంచు కోసుకుని వైరు తొడుగు చిరిగిందేమో చూడండి, చిరిగితే మార్చేయండి. ఇనుప కూలర్, తడి చేతులు, ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ప్లగ్, ఈ మూడూ కలిసి ప్రాణాలు తీస్తాయి.

ఇంకొకటి. మీ కూలర్ పాతదైతే, పెయింట్‌లో సీసం ఉండొచ్చు. 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించి సీసం ఉండకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అందుకని పొడిగా గీకకండి, తడి ఎమరీ పేపర్ వాడండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని మిద్దె ఎక్కనివ్వకండి.

(దగ్గరగా: రేకు.)

ఇది జీఐ రేకు, అంటే ఇనుము మీద జింక్ పూత. ఇక్కడ బూడిద రంగులో మెరుస్తోంది చూడండి, ఇక్కడ జింక్ బాగుంది, దీన్ని వైర్ బ్రష్‌తో రుద్దితే ఉన్న రక్షణ కూడా పోతుంది. ఎర్రగా ఉన్నచోట మాత్రం వైర్ బ్రష్, తర్వాత 80 నంబర్, 120 నంబర్ ఎమరీ పేపర్, ఇనుము తెల్లగా బయటపడేదాకా. ఓపిక కావాల్సింది ఇక్కడే. నాకు ఈ ఒక్క పక్కకే రెండు గంటలు పట్టింది. గట్టిగా పట్టుకుని ఉన్న పాత పెయింట్‌ను ఊడబీకనక్కర్లేదు, కాస్త గరుకు చేస్తే చాలు.

తర్వాత కడగడం. చివరిసారి బోరు నీళ్లు వద్దు, తాగే క్యాన్ నీళ్లు వాడండి, ఎందుకంటే ఉప్పు కొంచెం మిగిలినా అది పెయింట్ కింద తేమను లాక్కుని మళ్లీ పొక్కులు లేపుతుంది. ఆరిన వెంటనే, అదే రోజు ప్రైమర్, అంటే పెయింట్ కింద ముందుగా వేసే పూత, వేసేయండి. బయటపడ్డ ఇనుముకు రెడ్ ఆక్సైడ్, జింక్ మెరుస్తున్న చోట జీఐ ప్రైమర్. ఈ రెండో దాన్ని చాలామంది వదిలేస్తారు. జింక్ మీద నేరుగా ఎనామెల్ వేస్తే రెండూ కలిసి సబ్బులాంటి పొర ఏర్పడి పెయింట్ జారిపోతుంది.

రాత్రంతా ఆరనిచ్చి, బయట పక్క ఎనామెల్ రెండు పల్చటి కోట్లు, నీడలోనే. మన ఎండలో వేస్తే పైపొర ముందే ఆరిపోయి ముడతలు పడుతుంది.

తొట్టి లోపల ఎనామెల్ పనికిరాదు. చిల్లులుంటే ఎం-సీల్ ముద్ద కలిపి పెట్టి, అది గట్టిపడ్డాక నల్లటి డాంబర్ పెయింట్ రెండు కోట్లు వేయండి, మూలల్లోకి, అతుకుల్లోకి బ్రష్ పోనివ్వండి. వాసన పోయేదాకా వారం రోజులు వదిలేసి, మొదటిసారి నింపిన నీళ్లు పారబోయండి. అక్కడి నుంచి వారానికోసారి తొట్టి మొత్తం ఖాళీ చేయండి, ఉప్పు చేరదు, దోమలూ పెరగవు. ఎండాకాలం అయిపోయాక తడి గడ్డి తీసేసి, తొట్టి పూర్తిగా ఆరబెట్టాకే కవర్ కప్పండి.