కుట్టని నెటిల్

ఈ ఆకును వేళ్లతో నలుపుతున్నాను, చూడండి. ఏమీ కాలేదు. జానెడు దూరంలో ఉన్న ఆ రెండో మొక్క జోలికి మాత్రం పోను. అది స్టింగింగ్ నెటిల్, తాకితే కుట్టే మొక్క. మన దురదగొండి కాయ నూగు ఒకసారి తగిలినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. నెటిల్ మీద కుట్టే నూగు ఒక్కొక్కటీ ఒక సూది. గాజులా పెళుసైన దాని కొన తాకగానే విరిగి, హిస్టమిన్ వంటి రసాయనాలను చర్మంలోకి దించుతుంది.

నా చేతిలో ఉన్నది వైట్ డెడ్ నెటిల్. ఇంగ్లండ్ పల్లెల్లో దారుల పక్కన, కంచెల మొదట్లో విరివిగా పెరుగుతుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి లామియం ఆల్బమ్ అని పేరు పెట్టాడు. డెడ్ అంటే చచ్చింది మొక్క కాదు, కుట్టే గుణం. పశువులు నెటిల్ అనుకుని దీన్ని వదిలేస్తాయని చెబుతారు. అయి ఉండవచ్చు. ఆకారం, అంచున రంపపు పళ్లు, పైన నూగు చూస్తే నేనే మోసపోయాను, పశువుల మాట ఎందుకు?

నిజానికి ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ఇది తులసి కుటుంబం. కాడ నలుపలకగా ఉందని నిర్ధారించుకోకండి, నెటిల్ కాడ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. పువ్వు చూడండి. నెటిల్‌కు ఆకుపచ్చని సన్నని పోగులు వేలాడతాయి. దీనికి కణుపు కణుపునా, చుట్టూ తెల్లని పూలు. మన తుమ్మి పువ్వు గుర్తొస్తోందా? అదీ ఈ కుటుంబానిదే.

ఒక పువ్వు తెంపి తలకిందులు చేస్తున్నాను. పై రేకు గొడుగులా వంగింది కదా, దాని కింద నల్లటి కేసరాలు జంటగా పడుకున్నట్టున్నాయి. అందుకే ఇక్కడివాళ్లు దీన్ని పొదరింట్లో ఆదాము, అవ్వ అని పిలిచేవారు. బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగ కింది రేకు మీద వాలి తల లోపలికి దూరిస్తే, ఆ కేసరాలు దాని వీపుకు పుప్పొడి పులుముతాయి. తేనె గొట్టం అడుగున ఉంటుంది. నూరువరహాల పువ్వును చీకినట్టే దీన్నీ చీకవచ్చు. అందుకే తెంపాను.

కానీ ఇక్కడ, గొట్టం మొదట్లో చిన్న చిల్లు కనిపిస్తోందా? నాలుక పొట్టిగా ఉండే బంబుల్‌బీల పని ఇది. వాకిట్లోంచి తేనె అందదు కాబట్టి గోడకు కన్నం వేస్తాయి, పుప్పొడి మోసే శ్రమ కూడా లేకుండా. చీకి చూశాను. దొంగ నాకంటే ముందే వచ్చి వెళ్లింది.