మిగిలిన 23 గంటలు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది గుర్రాన్ని పందేల కోసం కాక ఇష్టంతో పెంచుకుంటున్నవాళ్ళే. అలాంటి గుర్రం మీద మనం రోజుకు ఎంతసేపు ఎక్కుతాం? ఒక గంట, మహా అయితే గంటన్నర. జీను, కళ్ళెం, శిక్షణ అంటూ ఆ గంట గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. నేను మాత్రం ఇవాళ మిగిలిన 23 గంటల గురించి మాట్లాడదామని వచ్చాను. సరదా సవారీ గుర్రాలకు టెన్షన్ ఎక్కువగా పుట్టేది లాయంలోనే అని నా గట్టి నమ్మకం.

ముందు కడుపు సంగతి చూద్దాం. ఆరుబయట తిరిగే గుర్రం రోజులో 16 గంటల దాకా మేస్తూనే ఉంటుంది. అంత పెద్ద ఒంటికి దాని జీర్ణాశయం చాలా చిన్నది. అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఆ ఘాటును తగ్గించేది లాలాజలం. గుర్రానికి అది నమిలేటప్పుడే ఊరుతుంది. ఇప్పుడు మీ లాయం లెక్క చూసుకోండి. సాయంత్రం 6 గంటలకు వేసిన గడ్డి 9 కల్లా అయిపోతే, తెల్లవారే దాకా ఆ ఖాళీ కడుపు గతేమిటి? దాణా పెట్టాం కదా అంటారు. దాణా నిమిషాల్లో అయిపోతుంది, నమిలే పని అందులో తక్కువ. 500 కిలోల గుర్రానికి తేమ తీసేసి లెక్కగడితే రోజుకు కనీసం 7.5 కిలోల గడ్డి కావాలి. లావెక్కుతుందని భయముంటే పోషకాలు తక్కువున్న గడ్డిని చిన్న కన్నుల వలలో కట్టండి. నెమ్మదిగా లాక్కుని తింటుంది.

నా దగ్గర ఒక ఆడగుర్రం ఉండేది. లాయం తలుపు అంచు మీద పై పళ్ళు ఆనించి, మెడ బిగించి, గక్కుమని గాలి లాగేది. ఆ చెక్క అంచు అరిగి అరిగి గిన్నెలా గుంటపడింది. పట్టీ కడితే మానేస్తుందన్నారు, మెడకు కట్టాను. మానేసింది. నాకెంత సంతోషమో! పట్టీ తీసిన రోజు చూడాలి, పోగొట్టుకున్నదంతా రాబట్టుకుంటున్నట్టు అంతకు ముందుకంటే ఎక్కువ లాగింది. లోపలి బాధను అలాగే ఉంచి, అది బయటపడే దారి ఒక్కటీ మూసేశానని అప్పుడర్థమైంది. తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ ఊగే గుర్రాలదీ, గదంతా గిర్రున తిరిగే గుర్రాలదీ ఇదే కథ. పక్క గుర్రాలకు ఈ అలవాటు అంటుకుంటుందని వీటిని దూరంగా, ఒంటరిగా కట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంటరితనంతో ఇది ఇంకా పెరుగుతుంది.

ఊగే గుర్రాన్ని కనీసం ఎవరో ఒకరు గమనిస్తారు. నాకు దిగులంతా కదలకుండా నిలబడే గుర్రాన్ని చూస్తేనే. గోడవైపు తిరిగి ఉంటుంది, మెడ వీపుతో సమానంగా చాచి ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటాయి కానీ దేన్నీ చూడవు, మనం గది ముందు నడిచినా చెవి తిరగదు. దాన్నే మనం "బుద్ధిమంతురాలు, అసలు అల్లరే లేదు" అని మెచ్చుకుంటాం. నిద్రపోయే గుర్రం మెడ వాలుతుంది, కనురెప్పలు బరువెక్కుతాయి. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే కాసేపు నిలబడి చూడాలి, అంతే.

నిద్ర మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది, నిజమే. కానీ గాఢమైన కలల నిద్రకు అది పడుకోవాల్సిందే. నేల తడిగా ఉన్నా, గది ఇరుకైనా, తోడు లేక భయమేసినా పడుకోదు. అలా రోజుల తరబడి నిద్ర చాలక నిలబడే తూలి, ముందు మోకాళ్ళ మీద పడుతుంది. ముందుకాళ్ళ గిట్టలకు పైనుండే కీళ్ళ మీద కారణం తెలియని పుండ్లు కనిపిస్తే ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి. ఇంకొక్క మాట, లాయంలో నేల దాకా వంగి గాలి పీల్చి చూడండి. మీ కళ్ళు మండితే, మీ గుర్రం రాత్రంతా పీల్చేది ఆ గాలినే.

ఇక తోడు. రెండు గుర్రాలు ఒకదాని మూపు ఒకటి పళ్ళతో గోక్కోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూపించారు. స్విట్జర్లాండ్ చట్టమైతే గుర్రానికి మరో గుర్రం కనిపించాలి, వినిపించాలి, వాసన తగలాలి అంటుంది. నన్నడిగితే అదీ చాలదు, ముట్టుకోగలగాలి. తంతుందేమో, గాయాలవుతాయేమో అని భయపడతాం. ఒక్కసారిగా కలిపితే అవుతాయి కూడా. కొన్ని రోజులు కంచెకు అటూ ఇటూ ఉంచి, చోటు విశాలంగా ఉండేలా చూసి, గడ్డి నాలుగైదు చోట్ల వేస్తే గొడవలు చాలావరకు తగ్గుతాయి.

నా ఆడగుర్రాన్ని చివరికి ఒక ముసలి మగగుర్రంతో కలిపి బయట వదిలాను. గాలి లాగడం పూర్తిగా పోలేదు. ఏళ్ళనాటి అలవాటు, అంత సులువుగా పోదు. కానీ మూడో వారంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అది పచ్చిక మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది, నిద్రలో ముందుకాళ్ళు చిన్నగా కదులుతున్నాయి. అది అలా పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. ముసలిది దాని పక్కనే నిలబడి నావైపు చెవులు తిప్పింది. నేను గేటు తీయకుండా వెనక్కి వచ్చేశాను.