బోనెక్కిన వాది

శ్రోతలకు నమస్కారం.

బ్యాంకుల్లో అప్పుల విభాగానికి కొత్తగా మారినవాళ్లకు దస్తావేజులు చదవడం నేర్పే పని నాది. ఆ మాట వినగానే మీకు ఆవలింత వస్తే తప్పు పట్టను. భోజనాలయ్యాక క్లాసంటే నాకూ వస్తుంది.

మొన్న అలాంటి మధ్యాహ్నమే. తనఖా పత్రంలోని షరతులు ఒక్కొక్కటే చదివి వినిపిస్తున్నాను. వెనక వరుసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. హిందీ మాట్లాడే చోట చాలా ఏళ్లు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి.

"సార్, హిందీలో తన్‌ఖా అంటే జీతం కదా. మనకి ఇల్లు తాకట్టు పెట్టడం ఎలా అయింది?"

పారశీకం నుంచి వచ్చిన మాట అది. ఫలానా ఊరి శిస్తులోంచి ఇంత సొమ్ము ఫలానావారికి చెందాలని రాసిచ్చే ఉత్తర్వుకు ఒకప్పుడు ఆ పేరుండేది. కొలువు చేసేవాడికి ముట్టే సొమ్ము అక్కడ జీతమైంది. అప్పుకు ఆస్తిని రాసివ్వడం అనే అర్థం మన దగ్గర నిలిచింది. ఇంత చెప్పేసరికి ముందు వరుసలో కునుకు తీస్తున్నాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

ఆవిడ వదల్లేదు. "మరి ముద్దాయి?"

ఇది ఇంకా తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. అదే మనిషి తెలుగులోకి వచ్చేసరికి బోనెక్కాడు! అక్కడ ప్రతివాదిని ముద్దా అలై అంటారు. రెండూ ఒకేలా వినిపించి మనవాళ్లు తికమకపడ్డారేమోనని నా అనుమానం.

ఇక క్లాసు నా చేతిలో లేదు. ఒకరు రాజీనామా అన్నారు. హిందీలో అది ఇద్దరూ సర్దుకుని రాసుకునే ఒప్పందం. మనకేమో, సర్దుకోలేక ఉద్యోగం వదిలేసేటప్పుడు ఇచ్చే కాగితం. "రాజీ పడలేకపోతేనే కదండీ రాజీనామా" అని ఎవరో అనగానే అందరూ ఒకటే నవ్వు. ఈమధ్య ఆ ఆలోచనలో ఉన్నవాళ్లు కాస్త గట్టిగానే నవ్వినట్టున్నారు.

నాకు మాత్రం వీలునామా అంటే ముద్దు. ఇంగ్లీషు విల్లుకు పారశీకపు నామా తగిలించాం. నామా అంటే రాసిన కాగితం. చూడబోతే అచ్చం మన ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది. వీలు చూసుకుని రాసేది కాబట్టి వీలునామా అనుకున్నానని ఒక కుర్రాడు ఒప్పుకున్నాడు. తప్పే. కానీ ఎంత అందమైన తప్పు!

ఫిర్యాదు అసలు అర్థం మొర అని చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. రోజూ కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లు కదా.

గడియారం చూస్తే టైమైపోయింది. షరతులు సగం మిగిలాయి. "మిగతాది రేపటికి వాయిదా" అన్నాను.

అందరూ లేచారు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"సార్, హిందీలో వాయ్‌దా అంటే మాట ఇవ్వడం. రేపు తప్పకుండా చెప్పాలి మరి."