నత్త నిద్ర లేచాకే కొంగ వస్తుంది

అందరికీ నమస్కారం. పిల్లలూ, మాస్టార్లూ, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి నుంచి పనులు మానుకుని వచ్చిన పెద్దలూ!

రేపు మనం తేలుకుంచి వెళ్తున్నాం. ఊళ్లో అడుగు పెట్టగానే అందరి తలలూ పైకి లేస్తాయి. చెట్ల నిండా కొంగలు, గూళ్లు, పిల్లల గోల. అది చూడాల్సిందే. కానీ ఇవాళ నేను మాట్లాడేది కింద ఉన్న బురద గురించి. ఆ కొంగలకు చెట్టు పురిటిగది. వంటిల్లు మాత్రం చెరువులో, వరిమడుల్లో ఉంది.

ఇవి సైబీరియా పక్షులని మన శ్రీకాకుళం జిల్లాలో చాలామంది అంటారు. కాదు. ఓపెన్‌బిల్ కొంగ, అంటే మన నత్తగుల్ల కొంగ, దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. నీళ్లూ తిండీ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ ఉంటుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా అంతే, మన దేశపువే.

ఈ కొంగలొస్తే వానలొస్తాయని ఊరి నమ్మకం. ఆ నమ్మకంతోనే రెట్టల కంపు భరిస్తూ, ఒక్క రాయి విసరకుండా, ఇన్ని తరాలు కాపాడుకొచ్చారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. అయితే వానకీ కొంగకీ మధ్య ఒక ప్రాణి ఉంది, నత్త. ఎండాకాలం చెరువు ఎండితే నత్త బురదలోకి దిగి, గుల్లకు మూత బిగించుకుని పడుకుంటుంది. దానికి నీళ్లలో పనిచేసే మొప్పతో పాటు గాలి పీల్చే ఊపిరితిత్తి కూడా ఉంది. అందుకే నెలల తరబడి అలా బతకగలదు. తొలకరి తడి తగలగానే లేస్తుంది. ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యేసరికి మడుల్లో నత్తలే నత్తలు. గట్ల పక్క తడిమట్టిలో గుడ్లు పెడుతుంది. సరిగ్గా అప్పుడే కొంగకూ పిల్లల్ని సాకే కాలం.

దాని ముక్కు చూడండి. మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందులో నత్తను అడకత్తెరలో పోకచెక్కలా నలుపుతుందనుకునేవాణ్ని. ఒకసారి గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను. కొంగ ముక్కు నీళ్లలో ముంచింది, తల కాస్త అటూ ఇటూ కదిపింది, ఎత్తి మింగేసింది. చప్పుడే లేదు. అది వెళ్లాక గుల్ల తీసి చూస్తే ఎక్కడా పగల్లేదు, లోపల ఖాళీ! కింది ముక్కు కొన మూత కిందికి పోనిచ్చి, కండను కోసి, మాంసాన్ని బయటికి లాగుతుంది. కొంగపిల్లలకు ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది.

ఇక నా బాధ. చెట్టు కొడితే ఊరంతా అడ్డుపడుతుంది. చెరువులో ఒక మూల మట్టి పోసి కప్పేస్తే ఎవరూ అడగరు. వేసవిలో మెషీన్ దింపి చెరువంతా ఒకేసారి గీకేస్తే, నిద్రపోతున్న నత్తలు కూడా ట్రాక్టర్లలో వెళ్లిపోతాయి. పూడిక తీయొద్దని కాదు, తీయాలి. ఒక ఏడు ఒక పక్క తీయండి, రెండో పక్క వదలండి. మడిలో మందు కొట్టే ముందు, ఆ మడిలో నత్త తిన్న కొంగే చెట్టు మీద పిల్లకు కక్కి పెడుతుందని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఈ మాట తేలుకుంచి ఒక్క ఊరికే కాదు, ఇచ్ఛాపురం చుట్టుపక్కల చెరువున్న ప్రతి ఊరికీ చెబుతున్నాను. కొంగ ఊరి పొలిమేర చూసుకుని మేయదు కదా.

రేపు పొద్దున్న ఆరింటికే బయల్దేరదాం. గూళ్ల కింద చప్పట్లు, కేకలు వద్దు, పెద్ద కొంగలు బెదిరి లేచాయంటే పిల్లలు ఎండలో పడతాయి. ముందు చెరువు గట్టు దగ్గర దిగుదాం. ఒక్కొక్కరూ ఒక ఖాళీ గుల్ల వెతికి, పగిలిందో లేదో చూసి నాకు చెప్పండి. చెట్ల దగ్గరికి ఆ తర్వాత వెళ్దాం.