‘లవకుశ’లో రాముడి తమ్ముళ్లలో ఒకరు భూమి కొన్నారు, ఒకరు సినిమా తీశారు

హోస్ట్: నమస్కారం. ఈ వారం మళ్లీ బాబాయ్‌ని లాక్కొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. శోభన్‌బాబు ఆస్తి గురించి మాట్లాడదామని. యూట్యూబ్ తెరిస్తే చాలు, ఒకడు వందల కోట్లంటాడు, ఇంకొకడు వేల కోట్లంటాడు. నువ్వు చెప్పు బాబాయ్, ఎంతుంటుంది?

బాబాయ్: అలా చెప్పేవాళ్లలో ఒక్కడైనా ఒక్క దస్తావేజు చూసుంటాడంటావా? మద్రాసులో స్థలాన్ని గ్రౌండ్లలో లెక్కేస్తారు. గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. ఎన్ని గ్రౌండ్లో ఊహించి, ఈరోజు రేటుతో గుణించి ఒక అంకె వదులుతారు. అది వదిలేయమ్మా. అసలు కథ వినాలంటే ‘లవకుశ’ దగ్గర మొదలుపెట్టాలి.

హోస్ట్: లవకుశలో శోభన్‌బాబు ఉన్నాడా?

బాబాయ్: శత్రుఘ్నుడు! రామారావుగారు రాముడు, కాంతారావు లక్ష్మణుడు, సత్యనారాయణ భరతుడు, శోభన్‌బాబు శత్రుఘ్నుడు. 1963లో వచ్చింది, మన మొదటి పూర్తి రంగుల సినిమా. కానీ అది పూర్తి కావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది, తెలుసా? నిర్మాత శంకరరెడ్డిగారి దగ్గర డబ్బు అయిపోయి మధ్యలో ఆగిపోయింది. సి. పుల్లయ్యగారు మొదలుపెడితే చివరికి వాళ్లబ్బాయి సి.ఎస్. రావుగారు పూర్తి చేశారు.

హోస్ట్: అంత పెద్ద హిట్టు కూడా డబ్బుల్లేక ఆగిందా?

బాబాయ్: ఆగింది. హిట్టయింది కాబట్టి మనం నవ్వుతూ చెప్పుకుంటున్నాం. ఆడకపోయుంటే శంకరరెడ్డిగారి పేరు ఇప్పుడు ఎవరికి గుర్తుండేది? అందులో రాముడి తమ్ముళ్లుగా నిలబడ్డ ఇద్దరి జీవితాలు చూడు. కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ, మంచి భూములున్న కుటుంబం. అసలు పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. శోభన్‌బాబుది కృష్ణాజిల్లా చిననందిగామ, ఉప్పు శోభనాచలపతిరావు. మద్రాసు లా కాలేజీలో చేరి, చదువు పక్కన పెట్టి స్టూడియోల చుట్టూ తిరిగాడు. అప్పటికే పెళ్లయింది, ఇల్లు గడవాలి.

హోస్ట్: భూములున్నాయన వాటిని పోగొట్టుకున్నాడు, లేనాయన కొనుక్కున్నాడు. అంతేగా?

బాబాయ్: అంత తేలిగ్గా తీర్పు చెప్పెయ్యకు. కాంతారావు జానపద హీరో. కత్తి పట్టుకుంటే రామారావుగారి తర్వాత ఆయనే. అరవైల చివరికి వచ్చేసరికి జానపదాలు తగ్గిపోయి సాంఘికాలు, క్రైమ్ సినిమాలు ఊపందుకున్నాయి. వేషాలు పలచబడ్డాక ఏం చేస్తాడు? తనే నిర్మాత అయ్యాడు. 1969లో ‘సప్తస్వరాలు’ తీశాడు. నష్టం. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఇంకోటి, దాన్ని పూడ్చడానికి మరోటి. ఒక్కో సినిమాకి గుడిబండలో కొంత పొలం పోయింది. పేకాటలోనో తాగుడులోనో పోయిన డబ్బు కాదమ్మా అది. నటుడిగా నిలబడాలని పెట్టిన డబ్బు.

హోస్ట్: సావిత్రిగారిది కూడా అదేగా?

బాబాయ్: కొంతవరకు. 1968లో ఆడవాళ్లనే టెక్నీషియన్లుగా పెట్టుకుని ‘చిన్నారి పాపలు’ డైరెక్ట్ చేసింది. ఆ తర్వాత జరిగినవి అందరికీ తెలిసినవే. అంతకుముందు నాగయ్యగారు. దక్షిణాదిలో లక్ష రూపాయలు తీసుకున్న మొదటి నటుడంటారు ఆయన్ని. పద్మశ్రీ వచ్చింది, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. వీళ్లందరూ శోభన్‌బాబు కళ్లముందు మనుషులు. ఒకే ఊరు, అవే స్టూడియోలు.

హోస్ట్: అందుకే భయపడ్డాడంటావా?

బాబాయ్: భయమే అనుకో. నాకైతే తప్పనిపించదు. మొదటి పదేళ్లు ఆయన తిన్న దెబ్బలు మామూలువి కావు. 1959లో ‘దైవబలం’తో వచ్చాడు. ‘నర్తనశాల’లో అభిమన్యుడు, ఇంకో సినిమాలో అర్జునుడు, ఇంకోదాంట్లో ఇంకోటి. ‘వీరాభిమన్యు’ చేశాక కూడా హీరోగా కుదురుకోలేదు. 1969లో ‘మనుషులు మారాలి’ ఆడాక గాని ఊపిరి పీల్చుకోలేదు. అప్పటికి ముప్పై రెండేళ్లు. డబ్బు ఆలస్యంగా వచ్చినవాడికి అది మళ్లీ ఎప్పుడు ఆగిపోతుందోనన్న టెన్షన్ ఉంటుంది.

హోస్ట్: ఆ తర్వాత మాత్రం దుమ్ము లేపాడుగా. ‘సోగ్గాడు’, ‘జీవనజ్యోతి’...

బాబాయ్: ఆ రెండూ 1975లోనే. ‘బలిపీఠం’ కూడా ఆ ఏడాదే! నుదుటి మీద ఆ వంకీ జుట్టు, ఇద్దరు భార్యల మధ్య నలిగిపోయే మొగుడి కథలు. మ్యాట్నీకి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు. మీ పిన్ని ‘కార్తీకదీపం’ ఎన్నిసార్లు చూసిందో అడుగు, నన్ను ఇరికించకు.

హోస్ట్: (నవ్వు) అడుగుతా. సరే, డబ్బు దగ్గరికి రా. సంపాదించింది నేరుగా భూమిలో పెట్టేశాడా?

బాబాయ్: ఆ రోజుల్లో ఎక్కువ సంపాదించేవాడికి చేతిలో మిగలడమే కష్టం. డెబ్బైల మొదట్లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద ఇన్‌కంటాక్స్ ఎంతో తెలుసా? సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం.

హోస్ట్: తొంభై ఏడా? అంటే రూపాయిలో మిగిలేది రెండు పైసలు!

బాబాయ్: రెండుంపావు. 1974-75కి 77 శాతానికి దించారు, అదే మహా ఊరట. సినిమా ఫీల్డులో నల్లడబ్బు అంతలా పెరగడానికి ఇదొక కారణం. ఇక మ్యూచువల్ ఫండ్లా, అప్పటికి ఉన్నది యూనిట్ ట్రస్టు ఒక్కటే. కాబట్టి దాచుకోవాలంటే బంగారం, స్థలం, లేదా సినిమా. ఫీల్డులో ఉన్నవాడికి సినిమా చాలా దగ్గర దారిలా కనిపిస్తుంది. మనుషులు తెలుసు, కాల్షీట్లు తనవే, పారితోషికం మిగులుతుంది అనుకుంటాడు. శోభన్‌బాబు ఆ జోలికి పోలేదు. జీతం సినిమాలో, పెట్టుబడి కూడా సినిమాలో ఉంటే, ఫీల్డు మారిన రోజున రెండూ ఒకేసారి పోతాయి. కాంతారావుకి జరిగింది సరిగ్గా అదే.

హోస్ట్: కానీ బాబాయ్, ఇందులో అదృష్టం లేదంటావా? మద్రాసు పెరిగింది కాబట్టి సరిపోయింది.

బాబాయ్: ఉంది, ఎందుకు లేదు! 1968లో ట్రేడ్ ఫెయిర్ పెట్టి టవర్ కట్టినప్పుడు అన్నానగర్ ఊరి చివర. ఇప్పుడక్కడ స్థలం ముట్టుకోగలమా? అయితే భూమి కొన్న నటులు ఇంకా ఉన్నారు. కొనడం కంటే అమ్మకుండా ఉండటం కష్టం. చంద్రమోహన్‌గారే ఇంటర్వ్యూల్లో చెప్పేవారు, శోభన్‌బాబు వద్దు వద్దంటున్నా అమ్మేశానని, తర్వాత బాధపడ్డానని. మురళీమోహన్‌గారు మాత్రం విన్నారు. తను రియల్ ఎస్టేట్‌లోకి రావడానికి శోభన్‌బాబు సలహానే కారణమని ఆయనే చాలాసార్లు చెప్పారు. ఆయన కంపెనీ జయభేరి హైదరాబాద్‌లో ఎంత పెద్దదయిందో చూశావుగా.

హోస్ట్: శోభన్‌బాబు మాత్రం హైదరాబాద్ రాలేదు.

బాబాయ్: రాలేదు. నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో కట్టారు, ఒక్కొక్కరూ సర్దుకుని వచ్చేశారు. ఈయన మద్రాసులోనే ఉండిపోయాడు. సాయంత్రం ఆరు దాటితే షూటింగ్ చెయ్యడు, ఆదివారం సెలవు. నిర్మాతలు ఎంత గింజుకున్నా అంతే. కొడుకుని ఫీల్డులోకి దించలేదు. ఈ ఒక్క విషయంలో నాకు మహా గౌరవం, ఇప్పుడు మన దగ్గర వారసులకి కొదవా!

హోస్ట్: 1996లో ‘హలో గురూ’ తర్వాత పూర్తిగా మానేశాడు కదా. తండ్రి వేషాలు, తాత వేషాలు వేసుకోవచ్చుగా?

బాబాయ్: అడిగారమ్మా. ‘అతడు’ తీసినప్పుడు నాజర్ చేసిన తాత వేషానికి ముందు ఈయన్నే అనుకుని, ఖాళీ చెక్కు పంపామని మురళీమోహన్‌గారే చెప్పారు. శోభన్‌బాబు తీసుకోలేదు. జనం నన్ను అందగాడిగానే గుర్తుంచుకోవాలన్నాడట.

హోస్ట్: కొంచెం గర్వం కాదూ?

బాబాయ్: గర్వమే. కానీ అంత గర్వం భరించగలిగే స్తోమత ఆయనకుంది. ఇంట్లో కూర్చున్నా నెల గడుస్తుంది. అదే సమయంలో కాంతారావు డెబ్బై దాటిన వయసులో ఏ వేషం వస్తే ఆ వేషం, సీరియల్ అయితే సీరియల్. నటన మీద ప్రేమ లేదనను, కానీ వద్దనే వీలు లేదు. శోభన్‌బాబు 2008 మార్చి 20న పోయాడు. ఏడాది తర్వాత, 2009 మార్చి 22న కాంతారావు.

హోస్ట్: రెండు రోజుల తేడా!

బాబాయ్: ఆ. ఒకరు చెన్నైలో సొంత ఇంట్లో, ఒకరు హైదరాబాద్‌లో. ఇక ఆపు, మీ పిన్ని ఫోన్ చేస్తోంది.

హోస్ట్: కార్తీకదీపం గురించి అడగనా?

బాబాయ్: మైకు కట్టేశాక అడుగు.