‘హలో’తో టెస్ట్ చేసిన చాట్ సర్వర్‌లో తెలుగు ఎందుకు విరుగుతుంది?

అందరికీ నమస్కారం. సభ ఏర్పాటు చేసినవారికి, సెలవు రోజు వదులుకుని వచ్చిన మీకు కృతజ్ఞతలు. మర్యాదలు ఇంతటితో ఆపి విషయంలోకి వెళ్తాను. చెప్పాల్సినవి మూడు: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చాట్ సర్వర్‌ను టెస్టు కోసం ఎలా లేపాలి, జవాబులు రాసే అసలు ఏఐ మోడల్ స్థానంలో నకిలీ మోడల్‌ను ఎలా పెట్టాలి, సంభాషణ డేటాబేస్‌లో సరిగ్గా పడిందో లేదో ఎలా చూడాలి.

మొదటిది తొందరగా చెప్పేస్తాను. సర్వర్‌ను బయటి నుంచి పరీక్షించే ఇంటిగ్రేషన్ టెస్టులు సోర్స్ ఫోల్డర్ పక్కన ‘టెస్ట్స్’ ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో ఒక్కో ఫైలునూ రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గో విడి క్రేట్‌గా, వేరే కోడ్ ప్యాకేజీలా, కంపైల్ చేస్తుంది. అంటే మీ పబ్లిక్ ఫంక్షన్లు మాత్రమే దానికి కనిపిస్తాయి. కోడంతా మెయిన్ ఫైలులోనే ఉంటే టెస్టుకు ఏమీ అందదు. అందుకని ఏ దారికి ఏ ఫంక్షన్ జవాబివ్వాలో చెప్పే రూటర్‌ను కట్టే పనంతా లిబ్ ఫైలులోకి మార్చి, మెయిన్‌లో నాలుగైదు లైన్లే ఉంచండి. అన్ని టెస్టులూ వాడుకునే ఫంక్షన్లను ‘కామన్’ ఫోల్డర్ చేసి అందులో ‘మాడ్’ ఫైలులో పెట్టండి. అక్కడ పెడితే కార్గో దాన్ని విడి టెస్టుగా నడపదు.

పోర్టు నంబరు ఎప్పుడూ చేత్తో రాయకండి. 127.0.0.1 మీద 0 పోర్టు అడిగితే ఖాళీగా ఉన్న పోర్టును ఆపరేటింగ్ సిస్టమే ఇస్తుంది. లిజనర్‌ను అడిగి ఆ నంబరు తెలుసుకుని, యాక్సమ్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన సర్వర్‌ను టోకియో అనే అసింక్ రన్‌టైమ్‌లో టాస్క్‌గా వదిలి, రెక్వెస్ట్ అనే హెచ్‌టీటీపీ క్లయింటుతో తలుపు తట్టండి. ఒకే ఫైలులోని టెస్టులన్నీ థ్రెడ్ల మీద ఒకేసారి నడుస్తాయి కాబట్టి 8080 అని రాసిపెడితే రెండో టెస్టుకే గొడవ మొదలవుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను టెస్టు మధ్యలో మార్చడంలోనూ ఇదే చిక్కు. రస్ట్ భాష 2024 ఎడిషన్‌లో వాటిని మార్చే ఫంక్షన్‌ను అన్‌సేఫ్ చేశారు కూడా. సెట్టింగులను స్ట్రక్ట్‌గా చేతికివ్వండి. మోడల్ చిరునామా ఆ స్ట్రక్ట్‌లో ఒక ఫీల్డు కావాలి. అది కోడ్‌లో పాతుకుపోయి ఉంటే ఈ ప్రసంగంలో మిగతా ఏదీ మీకు పనికిరాదు.

ఇక నకిలీ మోడల్. నకిలీ హెచ్‌టీటీపీ సర్వర్ ఇచ్చే వైర్‌మాక్ క్రేట్ చాలామందికి తెలుసు. ఫలానా దారికి పోస్ట్ వస్తే ఫలానా జేసన్ ఇవ్వు, ఒక్కసారే రావాలి అని చెబితే, టెస్టు ముగిసేటప్పుడు అదే సరిచూస్తుంది. రిట్రై రెండుసార్లు జరిగిందా, ‘మరీ ఎక్కువసార్లు అడిగారు’ అనే 429 ఎర్రర్ వస్తే ఆగి మళ్లీ అడిగిందా అన్నవాటికి అది చక్కగా సరిపోతుంది. కానీ అది జవాబు మొత్తాన్నీ ఒకేసారి ఇస్తుంది. ఆలస్యం పెట్టమంటే మొత్తం జవాబునే ఆలస్యం చేస్తుంది తప్ప ముక్కల మధ్య ఎడం ఇవ్వలేదు. మోడల్ జవాబు కొద్దికొద్దిగా వస్తుంది, చాట్ సర్వర్ బతుకంతా ఆ ముక్కల్లోనే కదా!

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే మన సర్వర్లలో తెలుగు విరిగేది ఇక్కడే, మన టెస్టులు దాన్ని పట్టుకోనిదీ ఇక్కడే. ఏ రిపోజిటరీ తెరిచినా టెస్టులో వాక్యం ‘హలో, హౌ ఆర్ యూ’ అని ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. బైట్లను ఎక్కడ నరికినా అక్షరం క్షేమం. మన లిపిలో అక్షరమైనా గుణింతపు గుర్తయినా ఒక్కోటి, అక్షరాలను బైట్లుగా రాసే యుటిఎఫ్-8 పద్ధతిలో, 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు, మొత్తం 18 బైట్లు. దాన్ని లోపల 17 చోట్ల నరకవచ్చు. అందులో 5 చోట్ల మాత్రమే కోత సరిహద్దు మీద పడుతుంది. మిగతా 12 చోట్లా అక్షరం నడుమే.

‘త’ అంటే 224, 176, 164 అనే మూడు బైట్లు. నెట్‌వర్క్ ముక్క 224 దగ్గర తెగిందనుకోండి. వచ్చిన ముక్కను వచ్చినట్టే, చెడిన బైట్ల చోట గుర్తు పెట్టి ముందుకెళ్లే ‘ఫ్రమ్ యుటిఎఫ్8 లాసీ’ ఫంక్షన్‌కు ఇచ్చారు. మొదటి ముక్కలో ఒక ప్రశ్నార్థకపు డైమండు, రెండో ముక్కలో రెండు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు, స్టేటస్ 200, అంటే అంతా సవ్యమే. చదివే మనిషికి మాత్రం మాట మధ్యలో మూడు డైమండ్లు. లాసీ కాని ఫంక్షన్ వాడితే ఎర్రర్ వచ్చి సంభాషణే తెగిపోతుంది. రెండూ తప్పే.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే మీ ప్రాజెక్టు తెరిచి ‘లాసీ’ అని వెతకండి. స్ట్రీమ్ చదివే చోట అది దొరికితే ఈ రోజు ఇంటికెళ్లాక చేయాల్సిన పని దొరికినట్టే.

మందు కష్టమైనది కాదు. బైట్లను బైట్లుగానే బఫర్‌లో పోగు చేయండి. కొత్త లైను బైటు విలువ 10. మన అక్షరాల్లోని ఏ బైటైనా 128 లేదా అంతకన్నా ఎక్కువే, కాబట్టి 10 అక్షరం మధ్యలో రావడం అసాధ్యం. లైను పూర్తయ్యాకే అక్షరాలుగా మార్చండి. లైన్లు లేని ప్రోటోకాల్ అయితే యుటిఎఫ్-8 ఎర్రర్‌లో ‘ఎర్రర్ లెన్’ చూడండి. అది నన్, అంటే విలువ లేకపోతే, అక్షరం ఇంకా పూర్తిగా రాలేదని అర్థం, మిగిలిన బైట్లు తర్వాతి ముక్కకు దాచండి. సమ్, అంటే విలువ ఉంటే, నిజంగానే చెడిన డేటా.

దీన్ని పట్టుకునే నకిలీ మోడల్‌ను మీరే రాయాలి. యాక్సమ్‌లో ఒక్క రూటు చాలు. మొత్తం జవాబును బైట్లుగా తీసుకుని, 1, 2, 5, 7 బైట్ల ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య 5 మిల్లీసెకన్లు ఆగుతూ స్ట్రీమ్‌గా పంపండి. 3, 6 వద్దు, పొరపాటున సరిహద్దుల మీదే పడవచ్చు. ఒక్కో బైటుగా పంపితే 400 బైట్లకు 2 సెకన్లు పడుతుంది, పట్టనివ్వండి. ఇంకో మెలిక: పైథాన్ ‘జేసన్ డంప్స్’ మామూలుగా తెలుగును యూనికోడ్ ఎస్కేప్‌లుగా, అంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలతో రాసిన సంకేతాలుగా, మార్చి పంపుతుంది. అలాంటి జవాబును రికార్డు చేసి నకిలీకి పెట్టుకుంటే అందులో తెలుగు బైట్లే ఉండవు, బగ్ ఎప్పటికీ బయటపడదు. ఎస్కేప్ చేసినదీ, చేయనిదీ రెండూ పంపండి.

టెస్టు వాక్యంలో ఏం ఉండాలి? ‘స్త్రీ’ లాంటి సంయుక్తాక్షరం, 4 బైట్ల ఎమోజీ, రూపాయి గుర్తు, ‘సర్వర్‌లో’ లాంటి మాట. చివరిదాంట్లో రకారపు పొల్లుకూ లకారానికీ మధ్య కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుని దాన్ని తీసేసే కోడ్ ఉంటే ‘సర్వర్లో’ అని లావత్తు పడిపోతుంది. వాక్యాన్ని కంటితో పోల్చకండి, బైటు బైటూ సమానమో కాదో అసర్ట్ చేయండి.

ఇంకా రెండు చోట్లు. లాగ్‌లో మొదటి 100 బైట్లు చూపించడానికి స్ట్రింగ్‌ను స్లైస్ చేస్తారు. 100వ బైటు అక్షరం మధ్యలో పడితే రస్ట్ పానిక్ అవుతుంది, ఆ పని అక్కడే ఆగిపోతుంది. లాగ్ లైను కోసం సంభాషణ చచ్చిపోవాలా? అలాగే సందేశం పొడవు పరిమితి. స్ట్రింగ్ పొడవు చెప్పే ‘లెన్’ ఇచ్చేది బైట్ల లెక్క. 1,000 అని పెడితే ఇంగ్లీషులో వెయ్యి అక్షరాలు రాయవచ్చు, తెలుగులో గుర్తులతో కలిపి 333 దాటితే తిరస్కారం. తెలుగులో రాసేవారికి మూడో వంతు చోటు ఇవ్వడం అన్యాయం. పరిమితికి అటూ ఇటూ ఉన్న తెలుగు సందేశాలతో రెండు టెస్టులు పెట్టండి.

డేటాబేస్‌కు అనుకున్న సమయం చాలావరకు దీనికే పోయింది, పోవాల్సిందే. క్లుప్తంగా: డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ఎక్స్ క్రేట్‌లోని టెస్ట్ మాక్రో ఒక్కో టెస్టుకూ కొత్త డేటాబేస్ సృష్టించి, టేబుళ్లు కట్టే మైగ్రేషన్లు నడుపుతుంది. స్ట్రీమ్ ముగిశాక వరుస చదివి, క్లయింటుకు వెళ్లిన ముక్కలన్నీ కలిపితే వచ్చేదీ, అక్కడ దాచినదీ ఒకటేనా చూడండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టెక్స్ట్ కాలమ్‌కు పెట్టే వార్‌చార్ పరిమితి లెక్కించేది అక్షరాలను, మీ రస్ట్ కోడ్ బైట్లను లెక్కిస్తుంటే రెండింటికీ పొత్తు కుదరదు.

వదలకూడనిది ఇంకొకటి: మనిషి మధ్యలో ట్యాబ్ మూసేయడం. మోడల్‌ను చదివే పనిని టోకియో స్పాన్‌తో విడిగా వదిలి ఉంటే, హ్యాండిల్ డ్రాప్ అయినా ఆ టాస్క్ ఆగదు. వినేవాడు లేకుండా మోడల్ రాసే టోకెన్లకు, అంటే మాటల ముక్కలకు, డబ్బు కడుతూనే ఉంటారు. నకిలీ మోడల్ స్ట్రీమ్‌లో డ్రాప్ అయినప్పుడు కబురు పంపే చిన్న స్ట్రక్ట్ పెట్టండి. క్లయింటు రెండు ముక్కలు చదివి వదిలేయాలి, 2 సెకన్లలోగా కబురు రావాలి. ఈ టెస్టులో టోకియో గడియారాన్ని ఆపకండి. చేయడానికి పనేమీ లేనప్పుడు ఆపిన గడియారం తనంతట తానే తర్వాతి టైమర్‌కు దూకుతుంది, సాకెట్ కోసం ఎదురుచూస్తుండగానే టైమవుట్ పేలుతుంది.

అసలు మోడల్‌తో మాట్లాడే టెస్టులకు ‘ఇగ్నోర్’ గుర్తు పెట్టి రాత్రిపూట విడిగా నడపండి. అక్కడ జవాబు మాటలను అసర్ట్ చేయవద్దు. మొదలు ఈవెంట్, ఖాళీ కాని ముక్కలు, ఒకే ఒక ముగింపు ఈవెంట్, ఎక్కడా డైమండు లేకపోవడం, ఈ నాలుగూ చూస్తే చాలు. ప్రశ్న మాత్రం తెలుగులోనే అడగండి.